వదినగారూ, రేపల్లె కింద సముద్రం చూశారా?

వదినగారూ! స్టవ్వు కట్టేసి ఒక్కసారి గోడ దగ్గరికి రండి. రాత్రి మీ అమ్మాయి పంపిన ఫొటోలు చూపిస్తూ మీరన్న మాట నా మనసులో అట్లాగే ఉండిపోయింది. "ఇట్లాంటి సముద్రం మనకెక్కడిదమ్మా! మనకున్నది సూర్యలంక. ఆదివారం పోతే ఇసక కనపడదు, జనమే కనపడతారు" అన్నారు. మనకూ ఉంది వదినగారూ. తెల్లారుజామున తెనాలిలో బయల్దేరితే దీపాలు పెట్టే వేళకి ఇంటికొచ్చేయొచ్చు. రేపల్లె కింద, నిజాంపట్నం దాటి, మడ అడవి అవతల. సంక్రాంతి వెళ్ళాక మా మరిదివాళ్ళతో కలిసి వెళ్ళొచ్చాం. అప్పట్నుంచీ మీకు చెప్పాలనే ఉంది, పెళ్ళిళ్ళ హడావిడిలో కుదర్లేదు.

ముందు మీ అమ్మాయి వెళ్ళిన చోటు సంగతి చెప్తాను. ఫొటో కింద పేరు చూసి మా అబ్బాయి చేత చదివించుకున్నాను. అది ఇటలీ వాళ్ళ సిసిలీ దీవి. మధ్యధరా సముద్రం ఒడ్డున జింగరో అని ఒక రక్షిత ప్రాంతం. ఏడు కిలోమీటర్ల పొడుగున కొండ అంచు, దాని కింద చిన్న చిన్న తీరాలు, తెల్లటి గులకరాళ్ళు. లోపలికి ఏ బండీ పోదు. టికెట్టు కొనుక్కుని కాలినడకన పోవాల్సిందే. ఎందుకు పోదంటారా? అక్కడ సముద్రం పక్కనే రోడ్డు వేద్దామని పని మొదలుపెట్టారట. స్కొపెల్లో అనే ఊరి వైపు నుంచి కొండకి సొరంగం కూడా తొలిచారట. 1980 మే 18న వేలమంది జనం ఆ కొండదారి పట్టుకుని నడిచారు, మాకు రోడ్డు వద్దు, ఈ తీరం ఇట్లాగే ఉండాలి అన్నారు. పని ఆగిపోయింది. మరుసటేడు, 1981లో, సిసిలీ మొత్తానికి మొట్టమొదటి ప్రకృతి రక్షిత ప్రాంతం అదే అయింది. రోడ్డు కోసం తొలిచి వదిలేసిన ఆ సొరంగంలోంచే ఇప్పుడు జనం లోపలికి నడిచి పోతున్నారు. మీరు చూపించిన మొదటి ఫొటోలో చీకటిగా ఉన్నది అదే అయ్యుంటుంది. ఈసారి ఫోను చేసినప్పుడు అడగండి.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, ఆ ప్రశాంతత అక్కడ దానంతటది మిగల్లేదు. ఊళ్ళవాళ్ళు పట్టుబట్టి మిగుల్చుకున్నారు. మన దగ్గర మాత్రం దాన్ని ఇన్నాళ్ళూ మడ అడవీ బురదా కాపాడాయి. ఇక ముందు కాపాడాల్సింది మనం.

అవును, మన నీళ్ళు అంత నీలంగా ఉండవు. ఆ మాట మీరంటారని నాకు తెలుసు. అక్కడ ఒడ్డంతా రాయి, పెద్ద నదేదీ వచ్చి కలవదు, ఆటుపోట్లూ పెద్దగా ఉండవు. అందుకని నీళ్ళు అడుగు దాకా కనపడతాయి. మనకి వచ్చి కలిసేది కృష్ణ. మహాబలేశ్వరం దగ్గర పుట్టి సుమారు 1,400 కిలోమీటర్లు నడిచి, దారంతా ఒండ్రు మోసుకొచ్చి ఇక్కడ దింపుతుంది. ఆ ఒండ్రే కదా మన తెనాలి మాగాణి, మన దుగ్గిరాల పసుపు, మన కొల్లూరు లంకల్లో పండే పంటలూ! సముద్రం రంగు మారిందంటే ఆ మట్టి పుణ్యమే. మట్టి ఉన్నచోట మడ ఉంటుంది, మడ ఉన్నచోట రొయ్య పిల్లా పీత పిల్లా పెరుగుతాయి. మీ అమ్మాయి చూసిన సముద్రం చుట్టూ ఎక్కడా మడ అడవులు లేవు. రెండూ రెండు రకాల అందాలు వదినగారూ, ఒకదాన్ని చూసి ఇంకోదాన్ని తక్కువ చేయడం నాకిష్టం లేదు.

సరే, దారి వినండి. మన స్టేషన్లో రేపల్లె బండెక్కాం. 1916లో వేసిన లైను అది. చినరావూరు, జంపని, వేమూరు, పెనుమర్రు, భట్టిప్రోలు, పల్లికోన. భట్టిప్రోలులో బౌద్ధస్తూపం ఉంది, తీరిక ఉంటే దిగి చూడాల్సిన చోటే, కానీ ఆ రోజు మాకు పోటు వేళ ముఖ్యం. రేపల్లెతో పట్టాలు అయిపోతాయి. ఇంజను ముందు ఇంక దారి లేని స్టేషను చూస్తే నాకెప్పుడూ అదోలా ఉంటుంది, ఇక్కణ్ణుంచి నువ్వే వెళ్ళు అని పంపించినట్టు. అక్కణ్ణుంచి నిజాంపట్నానికి రోడ్డున పోయాం. కాసేపు వరి చేలు, కోతలైపోయి మినుము పచ్చగా ఉన్న మళ్ళు. తర్వాత ఒక్కసారిగా పచ్చదనం పోయి చెరువులు మొదలవుతాయి. రొయ్యల చెరువులు. ఎటు చూసినా నీళ్ళు చిమ్మే ఏరేటర్లు, గట్ల మీద షెడ్లు, మేత వాసన. ఆ చెరువుల సంగతి తర్వాత చెప్తా, అదో పెద్ద కథ.

నిజాంపట్నం అంటే మనకి చేపల హార్బరు ఒక్కటే గుర్తొస్తుంది. కానీ ఆ ఊరు మామూలుది కాదు. పాత పేరు పెద్దపల్లి. డచ్చి వాళ్ళు 1606లోనే అక్కడ గిడ్డంగి పెట్టుకున్నారు. 1611లో ఇంగ్లీషు వాళ్ళ గ్లోబు అనే ఓడ వచ్చింది, ఆ తర్వాతే మచిలీపట్నం వెళ్ళింది. వాళ్ళు పెట్టపోలి అని రాసుకున్నది ఈ ఊరినే. చిరివేరుతో ఎర్రగా అద్దిన మన బట్టల కోసం వచ్చారు. ఆ చిరివేరు ఇక్కడి ఇసక నేలల్లో పెరిగే మొక్క వేరు. మా తాతల కాలం నాటి ఎర్ర అద్దకం పంచెల సంగతి వినలేదూ, ఆ రంగే.

హార్బరు దగ్గర పడవ ఎక్కాం. అటవీశాఖ వాళ్ళ అనుమతి ముందే తీసుకున్నాం, మా మరిది ఆ పని చూసుకున్నాడు. అభయారణ్యంలోకి అనుమతి లేకుండా అడుగు పెట్టకూడదు, 1972 వన్యప్రాణి చట్టం అట్లా చెప్తోంది. అవును, అది అభయారణ్యమే! మీకు తెలీదా? కృష్ణా వన్యప్రాణి అభయారణ్యం అంటారు. 1989లో ప్రకటించారు. దాదాపు 195 చదరపు కిలోమీటర్లు. కృష్ణ సముద్రంలో కలిసే చివరంతా అందులోకే వస్తుంది. నాచుగుంట, సొర్లగొంది, ఎలిచెట్లదిబ్బ ఏటికి అవతల దివిసీమ వైపు. లంకెవానిదిబ్బ, అడవులదీవి, కొత్తపాలెం అడవులు మన వైపు. మొన్నటిదాకా గుంటూరు జిల్లా అనేవాళ్ళం, 2022 ఏప్రిల్ 4 నుంచి బాపట్ల జిల్లా అయింది. మన తెనాలి గుంటూరులో ఉండిపోయింది, రేపల్లె బాపట్లకి పోయింది. జిల్లాలు ఎన్ని మారినా మన కాలవ నీళ్ళు చేరేది అక్కడికే. మన ఊరి మధ్యనుంచి పారే కాలవకి నిజాంపట్నం కాలవ అని పేరు ఊరికే వచ్చిందా?

హార్బరు దాటాక ఒక మలుపు తిరిగాం, అంతే, ఊరి చప్పుడు ఆగిపోయింది. రెండు పక్కలా మడ. తెల్లమడ, నల్లమడ, తిల్ల, పొన్న. ఆకులన్నీ ఒకే ఎత్తున కత్తిరించినంత సమంగా ఉన్నాయి. మా మరిది బాపట్ల వ్యవసాయ కళాశాలలో చదివాడు కదా, 1945లో పెట్టిన కాలేజీ అని ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటాడు. ఆయనకి చెట్లు కనపడితే చాలు. పడవ ఒడ్డుకి ఆనించమని తెల్లమడ ఆకు ఒకటి కోసి, "వదినా, నాలిక్కి రాసి చూడు" అన్నాడు. ఉప్పు! పప్పులో వేసుకునేంత ఉప్పు. ఆకు మీద సన్నగా తెల్లటి పొడి, ఎండలో మెరుస్తోంది. వేరు లాగిన ఉప్పునీటిలోంచి చెట్టు తనకి అక్కరలేని ఉప్పుని ఆకుల్లోంచి బయటికి నెట్టేస్తుందట. తిల్ల చెట్టు దగ్గర మాత్రం, "దాన్ని ముట్టుకోకు, పాలు కంట్లో పడితే చూపు పోతుంది" అని దూరంగా ఉంచాడు. పడవ నడిపే పెద్దాయన కూడా అవునమ్మా అన్నాడు.

నీరు తీస్తున్న వేళ అది. బురద బయటపడింది. వదినగారూ, ఆ బురదలో ఏముందో చెప్పనా? తెల్లమడ మొదట చుట్టూ వేళ్ళు నేలలోంచి పైకి లేచి నిలబడ్డాయి, జానెడు ఎత్తున, చెక్కిన పెన్సిళ్ళు వందలకొద్దీ గుచ్చి పెట్టినట్టు. బురదలో గాలి ఆడదు కాబట్టి అవి పైకొచ్చి ఊపిరి పీల్చుకుంటాయి. వాటి మధ్యన వేలెడంత చేపలు, నీళ్ళలో కాదు, బురద మీద, ముందు రెక్కల్ని ఆనించుకుని గెంతుతున్నాయి. కళ్ళు తలపైన బుడిపెల్లో. ఒకటి ఆగి మమ్మల్ని చూసింది, కన్ను లోపలికి ముడిచి తడి చేసుకుని మళ్ళీ తెరిచింది. పక్కనే చిన్న పీతలు, ఒక డెక్క మామూలుగా ఉంటే రెండోది ఒంటికి మించి ఎర్రగా పెద్దగా ఉంది, దాన్ని ఆడించుకుంటూ బొరియల దగ్గర నిలబడ్డాయి. మా తోటికోడలి పిల్లలు ఇంట్లో ఫోను వదలరు కదా, పడవ అంచు పట్టుకుని ఒక్క మాట లేకుండా చూశారు.

పొన్న చెట్టు ఇంకో విచిత్రం. దాని గింజ చెట్టుకి ఉండగానే మొలకెత్తుతుంది. పచ్చటి పొడుగాటి మొలక కొమ్మకి వేలాడుతుంది. రాలి బురదలో నిలువుగా గుచ్చుకుంటే అక్కడే వేరు పడుతుంది. నీళ్ళలో పడితే తేలుకుంటూ పోయి ఎక్కడ ఆనితే అక్కడ నాటుకుంటుంది.

ఏమిటీ, పులులుంటాయా అంటారా? లేవు. కానీ బావురు పిల్లి ఉంది. మామూలు పిల్లికి రెండింతలుంటుంది, ఒంటి మీద నల్లటి మచ్చలు, పొట్టి తోక. కాలివేళ్ళ మధ్య కాస్త పొర ఉంటుంది, నీళ్ళలోకి దిగి చేపలు పట్టుకు తింటుంది. ప్రపంచంలోనే తగ్గిపోతున్న జాతి అది, మన కృష్ణా మడ అడవి దానికి మిగిలిన ఇళ్ళలో ఒకటి. రాత్రిపూట తిరుగుతుంది కాబట్టి మాకు కనపడలేదు, తడి బురదలో అడుగులు మాత్రం పెద్దాయన చూపించాడు. నీటికుక్కలూ ఉన్నాయట. లకుముకి పిట్టలూ కొంగలూ అయితే చెప్పక్కర్లేదు.

అట్లా పాయలు తిరిగి తిరిగి మొగ దగ్గరికి వచ్చాం. ఏటి నీరు సముద్రంలో కలిసే చోటుని వాళ్ళు మొగ అంటారు. అక్కడ నీళ్ళ మీద ఒక గీత కనపడుతుంది, ఇటు పక్క బురద రంగు, అటు పక్క ఆకుపచ్చ. పక్కనే ఇసక తిప్ప. పడవ దిగి మోకాలి లోతు నీళ్ళలో నడిచి ఎక్కాం. అదీ వదినగారూ, మీరు మనకెక్కడిదన్న సముద్రం.

కొట్టు లేదు. మొక్కజొన్న కంకులు లేవు, గుర్రాలు లేవు, మైకు లేదు. ఎడం పక్కా కుడి పక్కా కళ్ళు ఆనినంత దూరం ఇసక, వెనకాల మడ అడవి, ముందు బంగాళాఖాతం. ఇసక మీద బాలబంద తీగ పాకి ఊదారంగు పూలు పూసింది. రావణాసురుడి మీసాలు గాలికి దొర్లుకుంటూ పోతున్నాయి, అదేలెండి, ఆ ముళ్ళ గడ్డి కాయ, గుండ్రంగా ఉంటుంది, గాలి ఎటు తోస్తే అటు పరుగెడుతూ గింజలు చల్లుకుంటుంది. ఎర్ర పీతలు మా అడుగు చప్పుడుకే బొరియల్లోకి దూరిపోయి, మేం కూర్చున్నాక ఒక్కొక్కటీ బయటికొచ్చాయి. కూర్చున్నాం, అంతే. ఎవరం పెద్దగా మాట్లాడుకోలేదు. పదిమందికి వండి పెట్టే మనలాంటి వాళ్ళకి చేతిలో పనేమీ లేకుండా, చెవిలో ఎవరి పిలుపూ పడకుండా అట్లా కూర్చోవడం ఎంత అపురూపమో మీకు నేను చెప్పాలా?

స్నానం చేశారా అని అడక్కండి. మొగ దగ్గర నీటి లాగుడు ఎక్కువ, దిగకూడదు. పాదాలు తడుపుకున్నాం, పిల్లల చేతులు వదల్లేదు.

అక్కడ ఒక చెడ్డ దృశ్యం కూడా చూశాం, అది దాచను. చచ్చిపోయిన తాబేలు ఒకటి కొట్టుకొచ్చింది. రెండడుగులుంటుంది వీపు. ఆలివ్ రిడ్లీ అంటారు, సముద్రపు తాబేలు. గుడ్లు పెట్టడానికి ఆ రోజుల్లోనే ఒడ్డుకి వస్తాయి. అవి నీళ్ళలో ఉన్నా ఊపిరి కోసం పైకి రావాలి. మర పడవల వలలో చిక్కుకుంటే పైకి రాలేక ఉక్కిరిబిక్కిరై చచ్చిపోతాయి. వలకి తాబేలు తప్పించుకునే చట్రం ఒకటి బిగించాలని నిబంధన ఉంది. ఆ నిబంధన ప్రతి వలకీ అమలైతే ఆ తల్లి ఆ రాత్రి గుడ్లు పెట్టి వెనక్కి పోయేది. పెద్దాయన తలగుడ్డ తీసి నిలబడ్డాడు. "కూర్మావతారం అమ్మా, మేం వీటిని పట్టం, అవే వల్లో పడతాయి" అన్నాడు. ఆ మాటలో అబద్ధం లేదు.

తాబేళ్ళ మంచి కబురు కావాలంటే సూర్యలంక వెళ్ళాలి. మీరు జనం జనం అంటారే, ఆ సూర్యలంకలోనే, బాపట్లకి తొమ్మిది కిలోమీటర్ల దూరంలో, అటవీశాఖ వాళ్ళ తాబేళ్ళ పిల్లల కేంద్రం ఉంది. రాత్రి ఒడ్డుకొచ్చి తల్లి పెట్టిన గుడ్లని నక్కలూ కుక్కలూ తవ్వేయకముందే కాపలావాళ్ళు తెల్లారేలోపు తెచ్చి, వల కట్టిన దడిలో, తల్లి తవ్విన లోతులోనే మళ్ళీ పూడుస్తారు. ఒక్కో తల్లి వంద, నూట ఇరవై గుడ్లు పెడుతుంది. నలభై అయిదు రోజులు దాటాక పిల్లలు ఇసక తోసుకుని బయటికొస్తాయి. ఇసక వేడిని బట్టి ఆడో మగో తేలుతుంది, వేడి ఎక్కువైతే ఆడపిల్లలు. పోయినేడు మార్చిలో మా చిన్నాడితో కలిసి చూశాను. నీళ్ళకి కాస్త ఇవతల బుట్ట వంచారు. ఒక్కోటి అంగుళంన్నర ఉంటుందేమో, బూడిద రంగు, కాళ్ళు రెక్కల్లాంటివి. ఒకటి నా పాదం పక్కనుంచే పోయింది. ఆగింది, తల ఎత్తింది, వెలుగున్న వైపు తిరిగింది, మళ్ళీ పాకింది. అల వచ్చి వెనక్కి తోసింది. మళ్ళీ పాకింది. రెండో అల దాన్ని తీసుకుపోయింది. వెయ్యింటికి ఒకటి పెద్దదైతే గొప్ప అన్నాడు అక్కడి కాపలాదారు. బతికిన ఆడ తాబేలు మళ్ళీ పుట్టిన తీరానికే గుడ్లు పెట్టడానికి వస్తుందట. పుట్టింటికి వచ్చే ఆడపిల్లకి దారి చీకటిగా, శుభ్రంగా ఉంచడం మన పనే కదా! చీకటి అని ఎందుకన్నానంటే, ఒడ్డున దీపాలు వెలుగుతుంటే పిల్లలు సముద్రం అనుకుని అటు పాకుతాయి. దారి తప్పి చచ్చిపోతాయి.

అందుకే నేననేది, సూర్యలంక పదిమంది పోయే చోటు, అట్లాగే ఉండాలి. కార్తీకమాసంలో సముద్ర స్నానాలకి వచ్చే జనం ఎక్కడికి పోతారు మరి? అక్కడ బట్టలు మార్చుకునే గదులు, మంచి నీళ్ళు, ఈత వచ్చిన కాపలావాళ్ళు ఎంతమంది ఉంటే అంత మంచిది. స్వదేశ్ దర్శన్ పథకంలో ఆ తీరాన్ని చేర్చారు, సంతోషమే. రామాపురం, వాడరేవు వైపు రిసార్టులూ ఉన్నాయి. సరదాగా పిల్లాపాపలతో పోవడానికి అవి చాలు. మొగ దగ్గరి తిప్ప మాత్రం వాటిలో కలవకూడదు.

ఎందుకంత పట్టుదల అంటారా? మా అత్తగారు బతికున్నంతకాలం నవంబరులో గాలి ఈలేస్తే నిద్రపోయేవారు కాదు. 1977 నవంబరు 19, శనివారం. మీ ఇంట్లో కూడా ఆ రాత్రి కథ ఉండే ఉంటుంది, తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో ఏ ఇంట్లో లేదు? దివిసీమ మీదికి ఉప్పెన వచ్చింది. సర్కారు లెక్కే పదివేల మంది. మా అత్తగారి పుట్టింటి వైపు వాళ్ళు రేపల్లె కింద ఊళ్ళలో ఉండేవారు. తర్వాత రోజుల్లో శవాల్ని గుర్తుపట్టడానికి పోయి వచ్చిన మా మామగారు ఆ సంగతి ఎవరితోనూ మాట్లాడలేదట. గాలివానని అడవి ఆపలేదు, అది నాకూ తెలుసు. కానీ నీటి దెబ్బని తగ్గిస్తుంది. 1999 అక్టోబరులో ఒడిశా తుపాను తర్వాత కేంద్రపారా జిల్లాలో ఊరూరి లెక్కలూ తీసి చూశారు. సముద్రానికీ ఊరికీ మధ్య మడ అడవి వెడల్పుగా ఉన్న ఊళ్ళలో తక్కువమంది చనిపోయారని తేలింది. ఇంతకంటే ఏం కావాలి వదినగారూ?

ఇప్పుడా చెరువుల సంగతి. ఎనభైల చివర్నుంచీ రొయ్యకి ధర వచ్చింది. తీరం పొడుగునా చెరువులు తవ్వారు, కొన్నిచోట్ల మడ కొట్టేసి మరీ తవ్వారు. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరానికి దగ్గర్లో అట్లాంటి చెరువులు కుదరవని తీర్పిచ్చింది, ఆపైన 2005లో కొత్త చట్టం వచ్చింది, కొన్ని పోయాయి, కొన్ని వచ్చాయి. రొయ్యల రైతు మీద నాకు కోపం లేదు. మా పెదనాన్నగారి మనవడు కూడా చెరువు వేశాడు, తెల్లమచ్చ తెగులొచ్చిన ఏడు వాళ్ళింట్లో పొయ్యి వెలిగించలేదు. కానీ చెరువుకి కావాల్సిన భూమి వేరే ఎక్కడైనా దొరుకుతుంది, మడకి కావాల్సిన భూమి ఆ పోటు తగిలే బురద ఒక్కటే. ఒకసారి మడ కొట్టేస్తే నేల కుంగుతుంది. పోటులో వచ్చిన ఉప్పునీరు వెనక్కి పోలేక నిలిచిపోతుంది, ఎండకి ఆవిరైపోయి ఉప్పు పేరుకుంటుంది, ఇంక గింజ మొలవదు.

దానికో మందు కనిపెట్టారు, ఇది వింటే మీకు ధైర్యమొస్తుంది. స్వామినాథన్ గారి పరిశోధనా సంస్థ వాళ్ళూ అటవీశాఖ వాళ్ళూ తొంభైల చివర్లో, చుట్టుపక్కల ఊళ్ళ మత్స్యకారులతో కమిటీలు వేసుకుని, చచ్చిపోయిన నేలలో కాలవలు తవ్వారు. మధ్యలో ఒక పెద్ద కాలవ, దానికి రెండు పక్కలా ఏటవాలుగా పిల్ల కాలవలు, పైనుంచి చూస్తే చేప ముల్లు ఆకారం. పోటుకి నీళ్ళు లోపలికి పోతాయి, పాటుకి బయటికొస్తాయి, ఉప్పు నిలవదు. గట్ల వెంట మడ మొక్కలు నాటారు. బతికాయి. పలుగూ పార పట్టి తవ్వింది ఆ ఊళ్ళవాళ్ళే. మేం వెళ్ళిన పాయలో ఒకచోట చెట్లు వరసల్లో ఉంటే పెద్దాయన, "ఇవి మేం నాటినవమ్మా" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన నడుము కాస్త నిటారుగా అయింది.

ఒక్కటి మాత్రం బెంగ. పైన కట్టిన ఆనకట్టల్లో ఒండ్రు ఆగిపోతోంది. నాగార్జునసాగర్, శ్రీశైలం వచ్చాక కృష్ణ మోసుకొచ్చే మట్టి బాగా తగ్గింది, వానలు తక్కువైన ఏడు సముద్రం దాకా మంచినీరే చేరదు. మట్టి రాకపోతే తీరం కోసుకుపోతుంది, మంచినీరు తగలకపోతే మడ గిడసబారిపోతుంది. ఆనకట్టలు వద్దనడానికి మనకి నోరు రాదు, ఆ నీళ్ళతోనే తింటున్నాం. కానీ సముద్రంలోకి పోయిన నీళ్ళని టీవీలో "వృథా" అంటుంటే నాకు బాధగా ఉంటుంది. ఆ నీళ్ళు తాగే అడవి ఉంది, ఆ అడవి కడుపులో పెరిగే రొయ్య ఉంది, ఆ రొయ్యని పట్టుకుని బతికే రేపల్లె, నిజాంపట్నం కుటుంబాలున్నాయి. ఆ పాయల్లో ఒట్టి చేతుల్తో పీతలు పట్టే యానాదులున్నారు. వృథా ఎట్లా అవుతుంది?

మొన్న మా ఇంటికొచ్చిన చుట్టాల్లో ఒకాయన ఇదంతా విని, "అంత బాగుంటే మొగ దాకా రోడ్డేసి నాలుగు కాటేజీలు కట్టొచ్చుగా" అన్నారు. మంచి ఉద్దేశంతోనే అన్నారు. నేను ఒప్పుకోలేదు. రోడ్డు పడితే దీపాలొస్తాయి, దీపాలొస్తే తాబేలు రాదు. కాటేజీకి గట్టు పోస్తే పోటు ఆగుతుంది, పోటు ఆగితే మడ పోతుంది. మడ పోయాక మిగిలేది ఇంకో ఇసక మైదానం, అది మనకి కావాల్సినంత ఉంది. రెండడుగుల బురదలో దిగి పడవెక్కి పోవాల్సిందే అంటే కొద్దిమందే పోతారు. పోనివ్వండి. ఆ కొద్దిమందిలో మన పిల్లలుంటే చాలు. రోడ్డు కావాలని ఎవరైనా కాగితం పట్టుకొస్తే మీరు మాత్రం సంతకం పెట్టకండి వదినగారూ, అన్నయ్యగారి చేత కూడా పెట్టించకండి.

మీ అమ్మాయి శీతాకాలం సెలవలకి వస్తుందన్నారుగా, తప్పకుండా తీసుకెళ్ళండి. సంక్రాంతి తర్వాత మంచి అదను, వానా ఉండదు, ఎండా చుర్రుమనదు, దూరదేశాల పిట్టలూ ఉంటాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మర పడవలకి వేట నిషేధం, ఆ రోజుల్లో హార్బరు అంతా కట్టేసిన పడవలే. ఆపైన వానలు, అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండాల భయం. కాబట్టి జనవరి, ఫిబ్రవరి నెలలే ఖాయం చేసుకోండి. అటవీశాఖ అనుమతి ముందుగా తీసుకోండి. పోటు ఎప్పుడు, పాటు ఎప్పుడు అన్నది పడవవాళ్ళని అడిగి దాన్నిబట్టి బయల్దేరండి, పాటు వేళ పాయలో పడవ ఆనిపోతే మళ్ళీ నీరెక్కేదాకా కదలదు. తాగే నీళ్ళు ఎక్కువ పట్టుకెళ్ళండి, అక్కడ చుక్క దొరకదు. పులిహోర, పెరుగన్నం స్టీలు డబ్బాల్లో పెట్టుకోండి, విస్తర్లూ కవర్లూ వద్దు. పట్టుకెళ్ళిన ప్రతిదీ, చాక్లెట్ కాగితంతో సహా, తిరిగి పట్టుకురండి. పాటలు పెట్టొద్దని పిల్లలకి ముందే చెప్పండి. తాబేలు గుడ్లు కనపడితే ముట్టుకోకుండా కాపలావాళ్ళకి కబురు చేయండి. పడవ మాట్లాడే మనిషి సంగతి మా మరిదిని అడిగి సాయంత్రం చెప్తాను.